తొట్లకు సున్నం కొట్టిన వారం

కరీంనగర్‌లో మా పాత ఆఫీసు వైపు ఎప్పుడు పోయినా, చాయ్ దుకాణం దగ్గర కూర్చున్న పాతవాళ్ళలో ఒకరైనా నన్ను గుర్తుపట్టి పక్కవాడికి చూపిస్తారు. "తేజాబు పోసి చెట్లను సంపిండు సూడు, గాయిన గీయనే" అంటారు. నేను నవ్వుతాను. నవ్వడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. కానీ ఇంటికి వచ్చాక అన్నం సయించదు. తేజాబు అంటే యాసిడు. పోసింది నేనే, రోజూ పోశాను, కాదనను. ఆ చెట్లు బతికినన్నాళ్ళు బతికింది ఆ తేజాబు చుక్కలతోనే. చచ్చింది సున్నంతో. సున్నం కొట్టించిన పెద్దమనిషి పింఛను తీసుకుంటూ హాయిగా ఉన్నాడు, చెడ్డపేరు మాత్రం నా వాటాకు వచ్చింది. ఇదెక్కడి న్యాయమని అడగడానికే ఈ నాలుగు ముక్కలు.

నా చదువు ఐదో తరగతిలో ఆగింది. నైజాం రోజుల్లో ఉర్దూలో మొదలుపెట్టాను. పోలీస్ యాక్షన్ అయిన కొన్నాళ్ళకు మా బడి తెలుగులోకి మారింది. ఉర్దూలో నన్ను కొట్టిన పంతులే తెలుగులోనూ కొట్టసాగాడు. దెబ్బ మారనప్పుడు భాష మారి ఏం లాభమని నేనే బడికి సెలవిచ్చేశాను. మాది హుజూరాబాద్ దగ్గర నేతపని చేసే ఇల్లు. బాపు మగ్గం మీద, అవ్వ, అంటే మా అమ్మ, నూలుకు రంగులు పట్టించే కాగుల దగ్గర ఉండేవారు. మగ్గం గుంటలో నా కాళ్ళు ఆగేవి కావు, ఇక నోరైతే ఎక్కడా ఆగేది కాదు. బాపు పోయిన తర్వాత, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్ళకు, కరీంనగర్‌లో ఒక వ్యవసాయ ఆఫీసులో అటెండరుగా కుదిరాను. తాత్కాలికంగా అన్నారు. తాత్కాలికం అంటే ఎవరికి ఎప్పుడు కోపం వస్తే అప్పుడు ఇంటికి పోవడమని త్వరలోనే అర్థమైంది. అవ్వను వెంట తెచ్చుకుని ఆఫీసు వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకున్నాను.

అప్పుడే మా ఆఫీసుకు గోదావరి జిల్లా నుంచి ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. ఆయన్నే సారు అంటాను. బొంబాయి వైపు ఎక్కడికో పోయి మట్టి లేకుండా నీళ్ళలో మొక్కలు పెంచే విద్య నేర్చుకొచ్చాడు. ఆవరణలో ఒక పాత విత్తనాల గోదాము ఖాళీగా ఉండేది. దాని కప్పులో కొన్ని పెంకులు తీయించి అద్దం పెంకులు వేయించాడు, నాలుగు ట్యూబులైట్లు పెట్టించాడు. లోపల నాలుగు సిమెంటు తొట్లు కట్టించి, మానేరు నుంచి గులకరాళ్ళు తెప్పించాడు. ఆ రాళ్ళ మధ్య టమాటా నారు, పాలకూర. నీళ్ళలో ఎరువు ఉప్పులు, కాస్త భేదిఉప్పు, చిటికెడు అన్నభేది, అంటే ఇనుము ఉన్న ఉప్పు. మొక్కకు అన్నం, పప్పు, కూర అన్నీ ఆ నీళ్ళే.

"ఈ గది బాగా నడిస్తే నిన్ను పర్మినెంటు చేయమని నేనే రాస్తాను" అన్నాడు సారు నాతో మొదటి రోజే. ఆ మాట అవ్వకు చెబితే ఆ పూట బెల్లం బువ్వ వండింది.

ఆ గదిలో కష్టమంతా నీళ్ళ పిహెచ్ దగ్గరే ఉంది. పిహెచ్ అంటే నీళ్ళు పులుపు వైపు ఉన్నాయా, సవుడు వైపు, అంటే క్షారం వైపు ఉన్నాయా చెప్పే అంకె. ఏడు అయితే రెండూ కాదు. ఏడుకు కింద పులుపు, పైన సవుడు. మొక్కలకు ఆరు దగ్గర, అంటే నోటికి తెలిసీ తెలియనంత పులుపుగా ఉంటే ఇష్టం. అంకె పైకి పోయిందంటే నీళ్ళలో అన్నభేది ఉన్నా మొక్క దాన్ని తీసుకోలేదు. విస్తట్లో అన్నం ఉండి చేతులు వెనక్కి కట్టేసినట్టు. లేత ఆకులు ముందు పాలిపోతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఇది సారు నాకు ఒక పూటలో చెప్పాడు, నాకూ ఒక పూటలోనే ఎక్కింది. ఐదేళ్ళు బెత్తం పట్టుకున్న పంతులు చేయలేని పని ఆయన ఒక టమాటా ఆకు పట్టుకుని చేశాడు. ఆ మాట మాత్రం ఆయనకు దక్కాల్సిందే.

మా ఆఫీసు బావినీళ్ళు గట్టి సవుడు. పప్పు ఉడకదు, సబ్బు నురగరాదు. ఆ నీళ్ళకు ఎరువు కలిపితే అంకె ఎనిమిది చూపించేది. రోజూ పొద్దున్నే గోదాము తలుపు తీసి, ప్రతి తొట్టిలోనూ రంగు కాగితం ముంచి, ఆ రంగును ఒక అట్టముక్క మీద ఉన్న రంగులతో పోల్చేవాణ్ణి. తేజాబును ముందే గాజు సీసాలో పలుచన చేసి పెట్టుకునేవాళ్ళం. నీళ్ళలోకి తేజాబు పోయాలి తప్ప తేజాబులోకి నీళ్ళు పోయకూడదు, పోస్తే మొహం మీదికి చిమ్ముతుంది. ఆ పలుచన నీళ్ళు కొద్దికొద్దిగా తొట్టిలో పోసి, కట్టెతో కలిపి, ఒక బీడీ తాగేంతసేపు ఆగి, మళ్ళీ కాగితం ముంచాలి. తొందరపడి ఒకేసారి పోస్తే అంకె నాలుగుకు జారి వేళ్ళు మాడిపోతాయి. అంత జాగ్రత్తగా ఆరుకు దించి పోతే, తెల్లారేసరికి మళ్ళీ ఏడు. ఆ సవుడు అలిగి పుట్టింటికి పోయిన కోడలిలా ఎంత బతిమాలి తీసుకొచ్చినా మళ్ళీ మూట కట్టేది. వానాకాలంలో పెంకుల మీంచి జారే నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి కలిపేవాణ్ణి. అప్పుడు తేజాబు పని సగానికి సగం తగ్గేది.

సిమెంటులో కూడా సున్నం గుణమే ఉంటుంది కాబట్టి, అది నీళ్ళలోకి దిగకుండా తొట్ల లోపల డాంబరు పూయించాడు సారు. గులకరాళ్ళను కూడా ఒక్కొక్క గుప్పెడు తీసి తేజాబు చుక్క వేసి చూశాం. బుస్సుమని పొంగిన రాయిలో సున్నం ఉన్నట్టు, దాన్ని పారేయడమే. మూడు రోజులు రాళ్ళతో కూర్చున్నాను. పెళ్ళిచూపుల్లో కూడా అంత పరీక్షగా చూసి ఉండరు.

కొన్నాళ్ళకు రంగు కాగితాలు అయిపోవచ్చాయి. హైదరాబాద్ నుంచి రావాలి. రావాలంటే మా హెడ్ క్లర్కు కాగితం రాయాలి. ఆయన నైజాం కాలం నుంచి ఆ కుర్చీలో ఉన్న మనిషి. మూడు భాషల్లో సంతకం చేస్తాడు, ఏ భాషలోనూ పని చేయడు. రంగు కాగితాలు పిల్లల ఆటవస్తువులని, సర్కారు ఆఫీసులో వాటికి చోటు లేదని కాగితం పంపలేదు. నేను పరేషాన్ అయి ఇంట్లో కూర్చుంటే అవ్వ సంగతి అడిగింది. చెప్పాను. అవ్వ నవ్వింది.

"గిదేనా? నూలుకు రంగు పెట్టే నీళ్ళు సవుడున్నయా లేవా అని నేను రోజు సూస్తుంటి. మందారం పూవు గుడ్డ మీద ఒత్తు బిడ్డా, నీళ్ళల్ల ముంచు, అదే చెప్తది."

ఎర్రమందారం రేకులు తెల్ల కాగితం మీద ఒత్తితే ఊదా మరక పడుతుంది. పులుపు నీళ్ళు తగిలితే అది గులాబీ అవుతుంది, సవుడు తగిలితే ఆకుపచ్చకు తిరుగుతుంది. మిగిలిన ఆఖరి రంగు కాగితంతో పక్కపక్కన పెట్టి చూసి, ఆరు దగ్గర మందారం ఏ రంగులో ఉంటుందో గుర్తుపెట్టుకున్నాను. సారు చూసి, అవ్వకు దండం చెప్పమన్నాడు. ఆ రోజు నుంచి నాలుగు తొట్లూ మా వీధి మందారం చెట్టు మీద నడిచాయి. టమాటాలు నా నడుముదాకా లేచాయి, పిందెలు పడ్డాయి. ఊరివాళ్ళు గోదాము కిటికీలోంచి తొంగిచూసి, మట్టి లేకుండా కాయ కాస్తే దాన్ని తినొచ్చా తినకూడదా అని వాదించుకునేవారు.

ఇంతలో హైదరాబాద్ నుంచి పెద్ద అధికారి ఒకాయన ఈ గదిని చూడటానికి వస్తున్నాడని కబురు. పది రోజులు గడువు. సారు చెన్నూరు వైపు క్యాంపులో ఉన్నాడు. ఆయన వచ్చేలోగా ఆఫీసును సింగారించే పని హెడ్ క్లర్కు నెత్తిన వేసుకున్నాడు. మన ఆఫీసుల్లో సింగారం అంటే సున్నం. పెద్ద సారు వస్తున్నాడంటే గోడలకు సున్నం, దారి పక్క రాళ్ళకు సున్నం, చెట్ల మొదళ్ళకు నడుమెత్తు సున్నం. ఒక చోట నిలబడితే మనకు కూడా కొట్టేస్తారు. నన్ను హుజూరాబాద్ పంపి, అక్కడి ఆఫీసు నుంచి కుర్చీలు, తివాచీ తెమ్మన్నాడు. పోయి రావడానికి రెండు రోజులు పట్టింది.

తిరిగొచ్చి గోదాము తలుపు తీశాను. తొట్లు లోపలా బయటా మల్లెపువ్వులా తెల్లగా ఉన్నాయి. మొక్కలు పీకి బకెట్లలో పెట్టి, రాళ్ళన్నీ తీసి సున్నపు నీళ్ళలో కడిగి, డాంబరు మీద రెండు పూతలు సున్నం కొట్టి, మళ్ళీ రాళ్ళు పోసి, మొక్కలు గుచ్చి, నీళ్ళు నింపారు. పరుగున హెడ్ క్లర్కు దగ్గరికి పోయాను. ఇది విషం పెట్టినట్టేనని చెప్పాను. ఆయన పాన్ నములుతూ తల కూడా ఎత్తలేదు.

"గా నల్ల తొట్లేందిరా, సావు ఇంటి లెక్క? పెద్ద సారు సూస్తే ఏమనుకుంటడు? రోజు తేజాబు పోస్తే సావని చెట్టు, జర సున్నానికి సస్తదా?"

నేను మందారం కాగితం ముంచి చూపించాను. అది చూస్తుండగానే ఆకుపచ్చ అయింది. ఆకుపచ్చ మంచి రంగే కదా, పంట రంగు అన్నాడాయన.

తొట్లు ఖాళీ చేశాను. కొబ్బరిపీచుతో రుద్దాను. రుద్దిన చోట సున్నంతో పాటు డాంబరు కూడా లేచి కింద సిమెంటు బయటపడింది. మళ్ళీ కొత్త నీళ్ళు, మళ్ళీ ఎరువులు, మళ్ళీ తేజాబు. సాయంత్రానికి ఊదా, పొద్దున్నకు ఆకుపచ్చ. రాళ్ళ సందుల్లో దాక్కున్న సున్నం రాత్రికి రాత్రి దిగుతూనే ఉంది. రోజూ పోసే తేజాబుకు పదింతలు పోశాను. నెలకు సరిపడే సీసా నాలుగు రోజుల్లో అయిపోయింది. లేత ఆకులు ముందు పాలిపోయాయి, తర్వాత అంచులు మాడాయి, పిందెలు రాలాయి. వేరు పీకి చూస్తే తెల్లగా ఉండాల్సింది నానిన బీడీ ఆకులా ఉంది.

సారు క్యాంపు నుంచి వచ్చి చూశాడు. ఒక్క చూపులో ఆయనకు అంతా అర్థమైంది. నేలమీద కూర్చుని ఒక ఆకు చేతిలోకి తీసుకున్నాడు. ఇప్పుడే లేచి పోయి హెడ్ క్లర్కు మెడ పట్టుకుంటాడని నేను చూస్తున్నాను. ఆయన లేచాడు, చేతులు కడుక్కున్నాడు, తన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. కొత్త ఉద్యోగం, పరాయి ఊరు, తన కాగితాలన్నీ హెడ్ క్లర్కు చేతిలోంచే పైకి పోవాలి. భయపడ్డాడు. మెత్తని మనిషి. మెత్తని మనుషుల మీద నాకు కోపం అప్పుడే మొదలైంది.

మర్నాడు హెడ్ క్లర్కు నన్ను పిలిచి టైపు కొట్టిన కాగితం ఒకటి ముందర పెట్టాడు. ఇంగ్లీషులో ఉంది. పక్కన సిరా దిమ్మ.

"నిశాని వెయ్యి" అన్నాడు, అంటే వేలిముద్ర.

"నిశాని ఎందుకు సారు, దస్కతు వస్తది నాకు. ఏం రాసిండ్రో జర సదివి చెప్పుండ్రి."

"తప్పయింది, ఇంకోసారి చెయ్యనని ఉన్నది. గంతే."

"ఏం తప్పు చేసిన?"

"చెట్లు సచ్చినయా లేవా? వాటిని సూసుకునేది నువ్వా నేనా?"

"మీ ఇంట్ల బర్రె సస్తే గడ్డి ఏసినోడు సంపినట్టా సారు, ఇసం పెట్టినోడు సంపినట్టా?"

ఆయన పాన్ నమలడం ఆపాడు. నిశాని వేస్తే ఒక మాట అని వదిలేస్తామని, నౌకరీ ఉంటుందని, వేయకపోతే ఆదిలాబాద్ అడవుల్లోకి పంపిస్తానని చెప్పాడు. ఇంటికి పోయి ఆలోచించుకొమ్మని కాగితం నా చేతికే ఇచ్చాడు. మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు అవ్వ, నిశాని వేస్తే ఏం పోతుంది, నౌకరీ దక్కుతుంది కదా అంటుందేమో అని భయపడ్డాను. అవ్వ అంతా విని ఒకటే అడిగింది. "నువ్వు చేసినవా?" చెయ్యలే అన్నాను. "మరి ఎందుకేస్తవు" అని బియ్యం ఏరుకోవడంలో పడింది.

పెద్ద అధికారి వచ్చిన రోజు ఆవరణంతా తెల్లగా మెరిసిపోతోంది. గోదాములోకి వచ్చి ఆ వాడిన మొక్కలను చూసి, ఇదేనా మీరు రాసిన అద్భుతం అని అడిగాడు. సారు నేల చూశాడు. హెడ్ క్లర్కు ముందుకొచ్చి, అటెండరు చదువులేనివాడని, తేజాబు కొలత లేకుండా పోశాడని, వాడి తప్పు వాడే ఒప్పుకున్నాడని ఉర్దూలో చెప్పాడు. నాకు ఉర్దూ వచ్చని మరిచిపోయాడు పాపం, బడిలో దెబ్బలు తిని నేర్చుకున్న ఉర్దూ.

పొద్దున అవ్వ దగ్గర పసుపు పొట్లం కట్టించుకుని జేబులో పెట్టుకున్నాను. ఒక గాజు గ్లాసుతో తొట్టిలో నీళ్ళు ముంచి, అందరి ముందరా చిటికెడు పసుపు వేశాను. నీళ్ళు చప్పున ఎర్రబడ్డాయి. దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎట్లా ఉంటాయో అట్లా.

"సారు, పసుపుల సున్నం కలిస్తేనే ఎర్రనీళ్ళయితయి. తేజాబు పడితే పసుపు పసుపులెక్కనే ఉంటది. నేను సున్నం వెయ్యలే. గీ తొట్టి తెల్లగెట్లయిందో గా హెడ్ క్లర్కు సారునే అడుగుండ్రి."

పెద్ద అధికారి ఆ గ్లాసు వెలుగులో పెట్టి చూశాడు. తొట్లను చూశాడు. తలుపులోంచి బయటికి చూస్తే తెల్లని రాళ్ళు, తెల్లని గోడలు, తెల్లని చెట్టు మొదళ్ళు, అన్నీ ఆయన కోసమే. ఏదో అనబోయాడు. సున్నం ఎవరు కొట్టించారని అడిగితే, ఎవరి కోసం కొట్టించారో కూడా చెప్పాల్సి వస్తుందని ఆయనకు తోచినట్టుంది. నా భుజం తట్టి "శాబాష్" అన్నాడు. తర్వాత చాయ్ తాగడానికి పోయారు. పోతూ పోతూ ఎండ దెబ్బకు మొక్కలు చచ్చాయని రాసుకొమ్మని సారుకు చెప్పాడట. అది మాఘమాసం. పొద్దున్నే బావి దగ్గర నీళ్ళు తాకితే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

నెల తిరక్కుండా నాకు ఆదిలాబాద్ బదిలీ కాగితం వచ్చింది. పనుల సౌకర్యం కోసమని రాశారు. ఎవరి సౌకర్యమో రాయలేదు. నిశాని వేసి ఉంటే ఆ ఊళ్ళోనే ఉండేవాణ్ణి, అవ్వ ఆ బెల్లం బువ్వ మళ్ళీ వండేది. పోయే రోజు సారు బస్టాండుకు వచ్చాడు. రంగుల అట్టముక్కను నా చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరుంటేనే బాగుంటుంది" అన్నాడు. ఆ మాట గోదాములో అందరి ముందు అని ఉంటే నాకు ఆ అట్టముక్క అక్కర్లేకపోయేది. అదే ఆయనకు చెప్పాను. తల వంచుకున్నాడు. నేను అవ్వను వెంటబెట్టుకుని బస్సెక్కాను.

ఆదిలాబాద్‌లో పత్తి దూది ఎగురుతూ వచ్చి అన్నంలో పడేది. మా పక్కింట్లో ఒక మరాఠీ పంతులు ఉండేవాడు. జేబులోంచి పెట్టెలోకి, పెట్టెలోంచి పెట్టెలోకి మారుతూ వచ్చిన ఆ ఇంగ్లీషు కాగితాన్ని ఒకరోజు ఆయన ముందు పెట్టాను. మొదటి వాక్యం చదివి, చెప్పాలా అని నా మొహంలోకి చూశాడు. చెప్పమన్నాను. ఆమ్లమేదో సున్నమేదో తేడా తెలియని అజ్ఞానినైన నేను, అని మొదలవుతుంది. కరీంనగర్ జిల్లా మొత్తంలో ఆ రోజు ఆ తేడా తెలిసినవాళ్ళు ముగ్గురం. ఒకడు తలుపు వేసుకున్నాడు. ఒకామె బియ్యం ఏరుతోంది. మూడోవాణ్ణి నేను.

ఆ కాగితం మంచి దళసరి కాగితం, సర్కారుది. అవ్వ దగ్గర కత్తెర తీసుకుని వేలెడంత ముక్కలుగా కోసి, మందారం రసంలో తడిపి నీడన ఆరబెట్టాను. మా గది కిటికీ దగ్గర రెండు పాత బకెట్లకు లోపల డాంబరు పూసి, కడిగి పరీక్షించిన రాళ్ళు పోసి టమాటా పెట్టాను. రోజూ పొద్దున ఒక ముక్క ముంచేవాణ్ణి. కొన్నిటి మీద ఒక అక్షరం, కొన్నిటి మీద సగం మాట. అవన్నీ గులాబీకి దగ్గరి ఊదాలో నిలబడేట్టు చూసుకున్నాను. అవ్వ ఆ కాయలతో పచ్చడి నూరింది, పంతులు ఇంటికి కూడా పంపింది.

ఒక్క ముక్క ఇంకా వాడలేదు. హెడ్ క్లర్కు నా వేలు పెట్టమన్న ఖాళీ చోటు ఉన్న ముక్క అది. ఈసారి కరీంనగర్ పోయినప్పుడు చాయ్ దుకాణం దగ్గర ఎవరైనా నన్ను వేలెత్తి చూపిస్తే, దాన్ని తీసి వాళ్ళ చాయ్‌లోనే ముంచి, అది ఏ రంగుకు తిరిగిందో, ఆమ్లమేదో సున్నమేదో తేడా ఎవరికి తెలుసో అందరికీ చూపించి వస్తాను.